అట్లాంటా తెలుగు సంఘాల పెద్దలకు: పిల్లల్ని ఈసారి గేన్స్‌విల్ తీసుకెళ్దాం

అట్లాంటా, ఆల్ఫారెట్టా, కమ్మింగ్, సువానీ చుట్టుపక్కల తెలుగు సంఘాలు నడుపుతున్న అన్నయ్యలకు, అక్కయ్యలకు నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, వనభోజనాలు, ఆదివారం తెలుగు బడి అన్నీ మీరు ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవు రోజులు వదులుకుని నడుపుతున్నారు. దానికి థాంక్స్ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద రాసిందంతా కాస్త సణుగుడులాగే ఉంటుంది.

పిల్లలకు జార్జియా చరిత్ర చూపిద్దాం అని ఎవరు అన్నా మన కార్లన్నీ స్టోన్ మౌంటెన్‌కే పోతాయి. కొండ ఎక్కుతాం, పులిహోర తింటాం, వేసవిలో అయితే రాత్రి లేజర్ షో చూసి వస్తాం. కొండకు చెక్కిన ఆ ముగ్గురు గుర్రపు వీరులు ఎవరు నాన్నా అని పిల్లలు అడిగితే "ఎవరో జనరల్స్ రా, పాత యుద్ధం" అనేసి సెల్ఫీ తీసుకుంటాం. వాళ్ళు 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో, బానిసత్వం కోసం విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల (కాన్ఫెడరసీ) ప్రెసిడెంట్ జెఫర్సన్ డేవిస్, జనరల్స్ రాబర్ట్ లీ, స్టోన్‌వాల్ జాక్సన్. ముగ్గురిలో ఒక్కరు కూడా జార్జియావాళ్ళు కారు. 90 అడుగుల ఎత్తు, 190 అడుగుల వెడల్పు ఉన్న ఆ బొమ్మ యుద్ధం అయిపోయిన వెంటనే చెక్కింది కూడా కాదు. పని మొదలైంది 1923లో, పూర్తయింది 1972లో. అంతకు ముందు 1915లో, నల్లజాతివారిని చంపి భయపెట్టే తెల్లవాళ్ళ ముఠా కూ క్లక్స్ క్లాన్ మళ్ళీ పుట్టింది ఆ కొండ నెత్తి మీదే. నల్లజాతి పిల్లలకు, తెల్లజాతి పిల్లలకు వేరువేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు 1954లో చెప్పాక, 1958లో రాష్ట్ర ప్రభుత్వం ఆ కొండను కొని ఆగిపోయిన పనిని మళ్ళీ లేపింది. ఇదంతా మనం పిల్లలకు చెప్పడం లేదు. సరే, పిక్నిక్ రోజున పాఠం ఎవరు వింటారులెండి.

కానీ ఆ కొండ మీద ఉండాల్సి ఉండి లేని మనిషి ఒకరున్నారు. ఆయన సమాధి ఉన్నది మన లేక్ లేనియర్ ఒడ్డునే ఉన్న గేన్స్‌విల్‌లో. పేరు జేమ్స్ లాంగ్‌స్ట్రీట్. లీ సైన్యంలో సగం ఆయన చేతి కింద ఉండేది, లీ ఆయన్ని "నా ముసలి యుద్ధాశ్వం" అని ముద్దుగా పిలిచేవాడు. అంతటి మనిషికి దక్షిణాదిలో విగ్రహాలు దాదాపు లేవు. ఎందుకు లేవో పిల్లలకు చెబితే చాలు, మన సగం పాఠం అయిపోయినట్టే. ఈ ఉత్తరం అందుకే.

ఆయన్ని మహాత్ముడని మీకు అమ్మడం నా ఉద్దేశం కాదు. 1821లో సౌత్ కరోలినాలో పుట్టాడు, బానిసలు ఉన్న ఇళ్ళలో పెరిగాడు, బానిసత్వాన్ని కాపాడుకోవడానికి లేచిన సైన్యంలో నాలుగేళ్ళు పోరాడాడు. 1863లో ఆ సైన్యం పెన్సిల్వేనియా మీద పడ్డప్పుడు దారిలో దొరికిన నల్లజాతివారిని పట్టుకుని దక్షిణానికి తోలుకుపోయింది. వారిలో పుట్టుకతో స్వేచ్ఛగా ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. అలా పట్టుకున్నవాళ్ళను వెంట తీసుకురమ్మని, లాంగ్‌స్ట్రీట్ కింద పనిచేసే జనరల్ పికెట్‌కు వెళ్ళిన ఉత్తర్వు లాంగ్‌స్ట్రీట్ కార్యాలయం నుంచి వెళ్ళిందే. ఈ ముక్క దాచిపెట్టి మిగతాది చెబితే అది కూడా ఇంకో రకం లేజర్ షో అవుతుంది. అందుకే ముందే రాశాను.

వెస్ట్ పాయింట్ సైనిక కాలేజీలో చదువు అంతంత మాత్రం, 1842లో 56 మందిలో 54వ వాడిగా బయటపడ్డాడు. (ర్యాంకుల పిచ్చి ఉన్న మన ఇళ్ళలో ఈ ఒక్క వాక్యం పెద్దగా చదివి వినిపించాలని నా కోరిక.) అక్కడే, తర్వాత ఉత్తరాది సైన్యాన్ని నడిపిన యులిసిస్ గ్రాంట్‌తో స్నేహం. తర్వాత గ్రాంట్ పెళ్ళి చేసుకున్న జూలియా డెంట్ లాంగ్‌స్ట్రీట్‌కు దూరపు చుట్టం, 1848లో ఆ పెళ్ళికి ఈయన వెళ్ళాడు కూడా. మెక్సికో యుద్ధంలో చపుల్టెపెక్ కోట ఎక్కుతూ దెబ్బ తిన్నాడు. 1861లో అమెరికా సైన్యానికి రాజీనామా ఇచ్చి దక్షిణం వైపు వచ్చేశాడు. 1862 జనవరిలో రిచ్‌మండ్‌లో స్కార్లెట్ ఫీవర్ వచ్చి ఆయన పిల్లలు ముగ్గురు కొద్ది రోజుల తేడాలో పోయారు. అంతకు ముందు పేకాట, నవ్వులు, కబుర్లతో ఉండే మనిషి ఆ తర్వాత మాట తగ్గించేశాడని తోటి అధికారులు రాసుకున్నారు.

యుద్ధం సంగతులు నేను ఎక్కువ రాయను, యూట్యూబ్ నిండా ఉన్నాయి. పెన్సిల్వేనియాలోని ఒక్క గెటిస్‌బర్గ్ మాత్రం తప్పదు, ఎందుకంటే తర్వాత ఆయన్ని కొట్టిన కర్ర అక్కడిదే. 1863 జూలై 1 నుంచి 3 దాకా యుద్ధం. ఎదురుగా ఎత్తు మీద కూర్చున్న శత్రువు మీదికి నేరుగా వెళ్ళడం తప్పు, పక్కనుంచి చుట్టి వెళ్దాం అని లాంగ్‌స్ట్రీట్ చెప్పాడు, లీ వినలేదు. మూడో రోజు దాదాపు 12,500 మంది ఒక మైలు మేర బయలు పొలంలో నడుచుకుంటూ ఫిరంగుల ముందుకు వెళ్ళారు. బయలుదేరమంటారా అని పికెట్ అడిగితే లాంగ్‌స్ట్రీట్‌కు నోట మాట రాలేదు, తల మాత్రం ఊపాడు. వెళ్ళినవాళ్ళలో సగానికి పైగా చచ్చారు, గాయపడ్డారు లేదా పట్టుబడ్డారు. తిరిగొచ్చిన సైనికులతో ఇదంతా నా తప్పే అని లీ స్వయంగా అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

అదే ఏడాది సెప్టెంబర్‌లో మన జార్జియాలోనే చికమాగా దగ్గర ఉత్తరాది సైన్యాన్ని మధ్యలో చీల్చింది లాంగ్‌స్ట్రీటే. 1864 మే 6న విల్డర్‌నెస్ అడవిలో సొంత సైనికులే పొరపాటున కాలిస్తే తూటా మెడలోంచి దూసుకుపోయింది, కుడి చెయ్యి మళ్ళీ మునుపటిలా పనిచేయలేదు. 1865 ఏప్రిల్‌లో అపోమాటక్స్‌లో లొంగిపోయే ముందు, గ్రాంట్ నాకు తెలుసు, మర్యాదగానే షరతులు పెడతాడు అని లీకి ధైర్యం చెప్పింది కూడా ఈయనే.

అసలు కథ ఇక్కడి నుంచి.

యుద్ధం అయ్యాక న్యూ ఆర్లీన్స్ వెళ్ళి పత్తి వ్యాపారం, ఇన్సూరెన్స్ చేసుకుంటున్నాడు. క్షమాభిక్ష ఇవ్వమని గ్రాంట్ సిఫారసు ఉత్తరం రాసిచ్చినా ప్రెసిడెంట్ ఆండ్రూ జాన్సన్ ఒప్పుకోలేదు. డేవిస్, లీ, నువ్వు, మీ ముగ్గురికీ దొరకదు అన్నాడట. 1867 మార్చిలో కాంగ్రెస్ పునర్నిర్మాణ చట్టాలు తెచ్చింది. ఓడిన రాష్ట్రాలు మళ్ళీ యూనియన్‌లోకి రావాలంటే నల్లజాతి మగవాళ్ళకు ఓటు ఇవ్వాలి, ఇక్కడ పుట్టినవాళ్ళు పౌరులే అనే 14వ రాజ్యాంగ సవరణను ఆమోదించాలి. దక్షిణాది పెద్దమనుషులంతా పళ్ళు కొరుక్కుంటున్న సమయంలో లాంగ్‌స్ట్రీట్ పత్రికలకు ఉత్తరాలు రాశాడు: మనం ఓడిపోయాం, గెలిచినవాళ్ళ చట్టం ఇక మన చట్టం, ఒప్పుకుని ముందుకు పోదాం. అచ్చుకు ఇచ్చే ముందు పెంచిన బాబాయికి చూపిస్తే, ఇది వేస్తే నువ్వు నాశనమైపోతావురా అబ్బాయ్ అన్నాడు. అయినా వేయించాడు.

ఇందులో ఆదర్శం ఎంత, లెక్క ఎంత అంటే లెక్కే ఎక్కువ కనిపిస్తుంది నాకు. నల్లజాతివారికి ఓటు ఎలాగూ వస్తోంది, మనం అలిగి ఇంట్లో కూర్చుంటే ఆ ఓటు మన చేతుల్లోంచి జారిపోతుంది, లోపలికి వెళ్ళి మనమే నడిపిద్దాం అనేది ఆ ఉత్తరాల్లో ఉన్న వాదన. కానీ మొదలుపెట్టిన చోటే ఆగిపోలేదు ఆయన. లింకన్ పార్టీలో, అంటే అప్పటి రిపబ్లికన్లలో చేరాడు. 1869లో గ్రాంట్ ప్రెసిడెంట్ అవగానే న్యూ ఆర్లీన్స్ రేవులో కస్టమ్స్ ఉద్యోగం ఇచ్చాడు. తర్వాత లూసియానా రాష్ట్ర మిలీషియా బాధ్యత వచ్చింది. ఆ దళంలో నల్లజాతి సైనికులు పెద్ద సంఖ్యలో ఉన్నారు, వాళ్ళకు అధికారి ఒకప్పటి లీ కుడిభుజం. అప్పటి న్యూ ఆర్లీన్స్ వీధుల్లో ఈ దృశ్యం తెల్లవాళ్ళ కడుపు ఎంత మండించి ఉంటుందో ఊహించుకోండి.

1874 సెప్టెంబర్ 14. వైట్ లీగ్ అనే సాయుధ ముఠా, చాలామంది మాజీ కాన్ఫెడరేట్ సైనికులే, ఎన్నికైన రిపబ్లికన్ ప్రభుత్వాన్ని కూలదోయడానికి కెనాల్ స్ట్రీట్ మీదికి వచ్చింది. ఎదురుగా పోలీసులు, మిలీషియా, గుర్రం మీద 53 ఏళ్ళ లాంగ్‌స్ట్రీట్. గంట కూడా పట్టలేదు, పోలీసుల వరస చెదిరిపోయింది. వేగం తగ్గిన తూటా ఒకటి ఆయనకు తగిలింది, గుర్రం మీంచి లాగి బందీగా పట్టుకున్నారు, పట్టుకున్నది తన పాత సైన్యం వాళ్ళే. గ్రాంట్ కేంద్ర సైన్యాన్ని పంపితే తప్ప గవర్నర్ మళ్ళీ కుర్చీ ఎక్కలేకపోయాడు.

ఆ రోజుకు స్మారక స్తంభం ఎవరికి కట్టారో తెలుసా? తిరగబడ్డ ముఠాకు. 1891లో కట్టారు, 1932లో దాని మీద తెల్లజాతి ఆధిపత్యం నిలబడిందని సిగ్గులేకుండా చెక్కించారు. 2017 ఏప్రిల్‌లో దాన్ని తీసేయడానికి వచ్చిన పనివాళ్ళు ప్రాణభయంతో ముఖాలకు గుడ్డలు కట్టుకుని, తెల్లారకముందే చీకట్లో పని ముగించాల్సి వచ్చింది.

ఇక ఆ తర్వాత ఆయన మీద పడ్డ కథల సంగతి. లీ 1870లో చనిపోయాడు. ఆయన బతికున్నంత కాలం ఎవరూ అనని మాట 1872, 73ల్లో బయటికొచ్చింది. గెటిస్‌బర్గ్‌లో రెండో రోజు సూర్యోదయానికే దాడి చేయమని లీ ఆజ్ఞ ఇచ్చాడని, లాంగ్‌స్ట్రీట్ కావాలని సాయంత్రం దాకా నానబెట్టాడని, అందుకే యుద్ధం ఓడిపోయామని! జూబల్ ఎర్లీ, పెండిల్టన్ అనే ఇద్దరు పాత జనరల్స్ ఊరూరా ఉపన్యాసాలు ఇచ్చారు. లీ దగ్గర పనిచేసిన అధికారులే, మాకు అలాంటి ఆజ్ఞ తెలియదు అని ఉత్తరాలు రాసిచ్చినా ఎవరికీ ఎక్కలేదు. నా తప్పే అని లీ ఒప్పుకున్నది కూడా గాలికి పోయింది. లీ దేవుడు అయితే ఓటమికి ఇంకెవరో పాపాత్ముడు కావాలి, రిపబ్లికన్‌గా మారిన లాంగ్‌స్ట్రీట్ అందుకు సిద్ధంగా దొరికాడు. ఆయన కూడా ఊరుకోకుండా వ్యాసాలు రాశాడు, 1896లో లావుపాటి ఆత్మకథ వేశాడు, అందులో అక్కడక్కడా తన గొప్ప ఎక్కువ చెప్పుకుని, లీ మీద విసుర్లు విసిరి, ఉన్న గొడవ ఇంకా పెంచుకున్నాడు. కలం పట్టినప్పుడు ఆయనకు ఓపిక తక్కువ అని నాకనిపిస్తుంది.

1875 ప్రాంతంలో న్యూ ఆర్లీన్స్ వదిలి గేన్స్‌విల్ వచ్చేశాడు. పీడ్‌మాంట్ హోటల్ నడిపాడు, టర్కీ కోళ్ళు పెంచాడు, మెట్లు మెట్లుగా ఉన్న కొండ నేలలో ద్రాక్షతోట వేశాడు, ఊళ్ళోవాళ్ళు ఆ తోటను వెటకారంగా గెటిస్‌బర్గ్ అనేవారు. పోస్ట్‌మాస్టర్‌గా చేశాడు. 1880లో ప్రెసిడెంట్ హేస్ ఆయన్ని ఏకంగా ఇస్తాంబుల్‌కు, అప్పటి కాన్‌స్టాంటినోపుల్‌కు, ఆటోమన్ సుల్తాన్ దగ్గరికి అమెరికా దూతగా పంపాడు. అక్కడ ఉన్నది కొన్ని నెలలే, పెద్దగా సాధించింది అంటే అమెరికన్ పురావస్తు పరిశోధకులు అక్కడ పనిచేసుకోవడానికి సుల్తాన్‌ను ఒప్పించడం. ఆ కుర్చీలో ఆయన తర్వాత కూర్చున్నది లూ వాలెస్, యుద్ధంలో ఉత్తరాది తరఫున పోరాడిన జనరల్. తిరిగొచ్చి జార్జియాలో యు.ఎస్. మార్షల్‌గా, చివరికి 1897 నుంచి చనిపోయే దాకా కేంద్ర రైల్వే కమిషనర్‌గా పనిచేశాడు. డెబ్భై ఆరేళ్ళ వయసులో ముప్ఫై నాలుగేళ్ళ హెలెన్ డార్చ్‌ను రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఆమె కథ వేరే ఉత్తరానికి సరిపోతుంది: భర్త పేరు నిలబెట్టడానికి జీవితమంతా వాదించింది, రెండో ప్రపంచ యుద్ధంలో మారియెట్టా విమానాల ఫ్యాక్టరీలో పనిచేసింది, 1950లో జార్జియా గవర్నర్ పదవికి హెర్మన్ టాల్మడ్జ్ మీద పోటీ పడింది, 1962 దాకా బతికింది.

లాంగ్‌స్ట్రీట్ 1904 జనవరి 2న పోయాడు. కాన్ఫెడరేట్ సైనికుల వంశాల ఆడవాళ్ళ సంఘం (యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ) సవానా శాఖవాళ్ళు అంత్యక్రియలకు పూలు పంపకూడదని ఓటేసి మరీ తీర్మానించారు. సరిగ్గా వారానికి, జనవరి 9న, అదే సైన్యంలో పనిచేసిన ఇంకో జార్జియా జనరల్ జాన్ గార్డన్ చనిపోయాడు. ఇతను సెనేటర్ అయ్యాడు, గవర్నర్ అయ్యాడు, మాజీ సైనికుల సంఘానికి అధ్యక్షుడు అయ్యాడు. జార్జియాలో క్లాన్‌కు పెద్ద తలకాయ ఇతనే అని అప్పట్లోనే చెప్పుకునేవారు. 1871లో కాంగ్రెస్ కమిటీ ముందు ఒక రహస్య సంఘంలో తానున్నానని ఒప్పుకున్నాడు కానీ దానికి ఆ పేరు లేదని తప్పించుకున్నాడు. గెటిస్‌బర్గ్ నింద లాంగ్‌స్ట్రీట్ మీద వేసిన వాళ్ళలో ఇతనూ ఒకడు. 1907లో అట్లాంటా క్యాపిటల్ ముందు ఇతనికి గుర్రం మీద విగ్రహం పెట్టారు, ఇప్పటికీ ఉంది. లాంగ్‌స్ట్రీట్‌కు గెటిస్‌బర్గ్ పొలంలో విగ్రహం వచ్చింది 1998లో, అదీ నేల మీదే, ఎత్తు పీఠం లేకుండా.

ఇదంతా మనకెందుకు, మన పిల్లలకు పోతన పద్యాలు నేర్పడానికే టైమ్ చాలడం లేదు అంటారేమో. మన ఇళ్ళలో ఎంతమంది పిల్లలు తల్లిదండ్రులు హెచ్1బి మీద ఉండగా ఇక్కడ పుట్టారు? వాళ్ళ నీలం పాస్‌పోర్ట్‌కు ఆధారం 14వ సవరణలో మొదటి వాక్యం. అది బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివారి పౌరసత్వం కోసం రాసింది, 1868లో అమల్లోకి వచ్చింది. ఆ దారిలోనే ఒక చైనా దంపతుల కొడుకు వాంగ్ కిమ్ ఆర్క్ 1898లో సుప్రీంకోర్టులో గెలిచాడు, ఆ తీర్పు నీడలోనే మన పిల్లలు పుట్టారు. 2025 జనవరిలో, తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళ పిల్లలకు ఇక ఆ హక్కు లేదని వైట్‌హౌస్ ఉత్తర్వు వచ్చిన వారంలో మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత టెన్షనో మీకు తెలుసు. లాయర్లకు ఫోన్లు, డెలివరీ డేట్ల లెక్కలు. ఆ గ్రూపుల్లోనే, స్టోన్ మౌంటెన్ బొమ్మలు వాళ్ళ సంస్కృతి, మనకెందుకు తలదూర్చడం అన్న మెసేజ్‌లు కూడా చూశాను. ఆ సవరణను చచ్చినా ఒప్పుకోం అన్నవాళ్ళ పక్షాన్ని పొగిడే కొండ అది. ఒప్పుకుందాం అని తొలి రోజుల్లోనే బయటికి చెప్పి ఊరూ పరువూ పోగొట్టుకున్న మనిషి సమాధి ఇంకో వైపు, లేక్‌లో బోటింగ్‌కు వెళ్ళే దారిలో.

ఇంకొకటి, మనం ఇళ్ళు కొనుక్కున్న ఫోర్సైత్ కౌంటీ నుంచి 1912లో వెయ్యి మందికి పైగా నల్లజాతివారిని బెదిరించి, ఇళ్ళు తగలబెట్టి తరిమేశారు. పిల్లలు ఇది బడిలోనో ఫోన్‌లోనో ఎలాగూ తెలుసుకుంటారు. మన నోటితో వింటే మంచిది కదా.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. స్టోన్ మౌంటెన్ మానేయమనను, కొండ ఎక్కడం నాకూ ఇష్టమే. వచ్చే వసంతంలో ఒక్క శనివారం తెలుగు బడి పెద్ద పిల్లల్ని, ఎనిమిదో తరగతి పైవాళ్ళని, 985 హైవే మీద గేన్స్‌విల్ తీసుకెళ్దాం. పీడ్‌మాంట్ హోటల్‌లో మిగిలిన భాగాన్ని లాంగ్‌స్ట్రీట్ సొసైటీ వాళ్ళు మ్యూజియంగా చూసుకుంటున్నారు, తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కోవాలి. అక్కడి నుంచి ఆల్టా విస్టా శ్మశానం దగ్గరే. తిరుగు దారిలో టైమ్ ఉంటే అట్లాంటా వెళ్ళి క్యాపిటల్ ఆవరణలో గార్డన్ గుర్రాన్ని, దాంతోపాటు అదే ఆవరణలో ఉన్న ఇంకో శిల్పాన్ని కూడా చూపిద్దాం. 1868లో ఎన్నికై, నల్లజాతివారన్న ఒకే కారణంతో జార్జియా శాసనసభ నుంచి గెంటేసిన సభ్యుల గుర్తుగా పెట్టింది అది. ఇవి ఒకే రోజు చూస్తే పిల్లలే ప్రశ్నలు అడుగుతారు, మనం ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ఇంగ్లిష్‌లో అడిగితే ఇంగ్లిష్‌లోనే చెబుదాం, ఆ ఒక్క రోజుకు తెలుగు బడి రూలు పక్కన పెట్టండి.

రాజకీయాలు వస్తాయని భయపడే తల్లిదండ్రులు ఉంటారు, ఇక్కడి రెండు పార్టీల వాళ్ళూ మన సంఘాల్లో ఉన్నారు కాబట్టి ఆ ఇబ్బంది నాకు తెలుసు. ఇష్టం లేనివాళ్ళు పంపక్కర్లేదు. రెండు పేజీల నోట్స్ తెలుగులో, ఇంగ్లిష్‌లో నేను తయారుచేసి ఇస్తాను, అందులో ఆయన చేసిన చెడ్డ పనులు కూడా ఉంటాయి, కమిటీ చూసి సరే అన్నాకే పంచుదాం. కార్లు సర్దడం నా వంతు. లంచ్‌కు లేనియర్ ఒడ్డున పార్కులో షెల్టర్ బుక్ చేయాలి, వసంతంలో అవి తొందరగా నిండిపోతాయి, అందుకని వచ్చే కమిటీ మీటింగ్‌లోనే ఔననో కాదనో తేల్చి చెప్పండి.

ఇట్లు,
తెలుగు బడిలో పిల్లల్ని దింపి పార్కింగ్‌లో కాఫీ తాగుతూ కూర్చునే తండ్రుల్లో ఒకడు